ఏ పనికి ఏ కాగితం: సరిహద్దు జిల్లాల్లో నిర్మాణ పనివారి భద్రతా పత్రాలు

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తాపీ మేస్త్రీలు, వైర్‌మన్లు, గుత్తేదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలో పొద్దున్నే బయలుదేరిన వైర్‌మన్ కాసేపటికే పర్లాకిమిడి చేరి, ఇక్కడ కడుతున్న ఇంట్లో మెట్ల కింద బోర్డు బిగించడం మొదలుపెడతాడు. చుట్టరికాలూ సంతలూ రెండు వైపులా ఒక్కటే కనుక మధ్యలో రాష్ట్రం మారిన సంగతి అతనికి తట్టదు. అతని జేబులోని పర్మిట్టు విషయంలో మాత్రం ఆ మార్పు లెక్కలోకి వస్తుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు మొదట 2010లోనూ, వాటి స్థానంలో 2023లోనూ వచ్చాయి. వాటి ప్రకారం వినియోగదారుని ఆవరణలో వైరింగ్ పనిని రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న గుత్తేదారే చేపట్టాలి. యోగ్యతా పత్రమున్న సూపర్‌వైజరు దగ్గరుండి చూడాలి. పని చేసే మనిషికి ప్రభుత్వం ఇచ్చిన లేదా గుర్తించిన పర్మిట్టు ఉండాలి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చడం లాంటి చిన్న పనులకే మినహాయింపు. ఒడిశాలో ఈ పత్రాలిచ్చేది ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు. కాబట్టి శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చేవారు తమ పర్మిట్టును ఇక్కడ గుర్తిస్తారో లేదో ఆ బోర్డులో ముందే తేల్చుకోవాలి. ప్రమాదం జరిగాక తేల్చుకుందామనుకుంటే అప్పటికి ఆ ప్రశ్న అడిగేది పోలీసులు.

మనవాళ్లలో చాలామంది లేబర్ కార్డునే భద్రతా పత్రమనుకుంటున్నారు. అది సంక్షేమానికి సంబంధించిన కార్డు. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టంలో ఉండి, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన కార్మిక కోడ్‌లలోనూ కొనసాగిన నియమం ప్రకారం 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడచిన పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసినవారు లబ్ధిదారులుగా నమోదు కావచ్చు. నమోదు తప్పక చేయించుకోండి; కానీ ఎత్తున పని చేయడం మీకు తెలుసునని ఆ కార్డు ఎవరికీ చెప్పదు. ఐటీఐ పత్రమైనా, అనుభవాన్ని పరీక్షించి ఇచ్చే ఆర్‌పీఎల్ పత్రమైనా నైపుణ్యానికి గుర్తింపే. ఆస్ట్రేలియాలో భద్రతా శిక్షణ పొందినట్టు చూపే వైట్ కార్డు లేనిదే సైటులో పనికి రానివ్వరు. అలాంటి కార్డొకటి మన దేశంలో అన్ని పనులకూ కలిపి లేదు. ఇక్కడ పనిని బట్టి కాగితం మారుతుంది, ఆ బాధ్యతలో పెద్ద భాగం యజమాని మీదే ఉంటుంది. నా దృష్టిలో గందరగోళమంతా ఇక్కడే పుడుతోంది.

క్రేను సంగతి చూడండి. ఆ 1996 చట్టం కింద వచ్చిన 1998 కేంద్ర నియమాల్లో ఉన్న ప్రకారం దాన్ని నడిపేవాడికీ, కింద నిలబడి చేత్తో సైగ చేసేవాడికీ పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి, పని తెలిసి ఉండాలి, అందులోని ప్రమాదాలు తెలిసి ఉండాలి, నిర్ణీత కాలానికొకసారి వైద్య పరీక్ష జరగాలి. ఆ పరీక్ష ఖర్చు యజమానిదే. బీపీ ఉందని తేలితే కూలి పోతుందన్న భయంతో పరీక్షకే వెళ్లని ఆపరేటర్లు ఉన్నారు. వారిని తప్పుపట్టే ముందు, నేల మీద చేసే పనికి మారుస్తామని గుత్తేదారు వారికి మాట ఇవ్వాలి.

వెల్డరుకు ఐఎస్ (భారతీయ ప్రమాణం) 7310 ప్రకారం పరీక్ష ఉంటుంది. దాన్ని వివరంగా చెప్పే సమయం ఇప్పుడు లేదు.

పరంజా దగ్గరకు వద్దాం. ఐఎస్ 3696 పరంజాలకూ నిచ్చెనలకూ సంబంధించిన ప్రమాణం, ఐఎస్ 3521 బెల్టుకు, ఐఎస్ 2925 హెల్మెట్టుకు. ఐఎస్‌ఐ ముద్ర చూసి కొన్నంత మాత్రాన పని కాదు. మూడో అంతస్తు గోడకు ప్లాస్టరింగ్ చేసే మేస్త్రీ కొత్త బెల్టే వేసుకుంటాడు, దాని కొక్కేన్ని మాత్రం తాను నిలబడిన సరుగుడు కర్రకే తగిలిస్తాడు. కర్ర విరిగితే బెల్టూ మనిషీ కలిసే వస్తారు. కొక్కెం తగిలించాల్సింది భవనం పిల్లరుకో, దానికి గట్టిగా బిగించిన తాడుకో. శిక్షణ పత్రం ఇచ్చే ముందు ఈ ఒక్క పని చేతితో చేయించి చూడాలి. గంటసేపు ఉపన్యాసం వినిపించి సంతకాలు తీసుకునే శిక్షణ మీద నాకు నమ్మకం లేదు. పునాది తవ్వకం కూడా అంతే: మట్టిలో లోతు ఒకటిన్నర మీటర్లు దాటితే పక్క గోడలకు ఆధారం కట్టాలని ఐఎస్ 3764 చెబుతోంది. వానాకాలంలో ఆ పని ఎలా చేయాలో గుంత దగ్గరే నేర్పాలి.

చివరిగా భాష విషయం. గజపతి, రాయగడ జిల్లాల సైటుల్లో ఒడియా, తెలుగు, సవర మాట్లాడేవారు ఒకే స్లాబు మీద ఉంటారు. ఒడియాలో జరిగిన శిక్షణకు అర్థంకాక తలూపిన తెలుగు కూలీ సంతకం కూడా రిజిస్టరులో అందరి సంతకాల్లాగే కనిపిస్తుంది. కనుక గుత్తేదారులకు నా విన్నపం ఇది: శిక్షణ రిజిస్టరులో పేరు పక్కన, ఏ భాషలో చెప్పారో, చెప్పాక ఏ పని చేయించి చూశారో రాయడానికి రెండు గడులు చేర్చండి. వచ్చే స్లాబు సెంట్రింగు మొదలుకాక ముందే ఆ గడులు నింపండి.