పేరు దాచిన బొమ్మలు

అందరికీ నమస్కారం.

తెరమీద ఉన్న ముగ్గురు ఆడవాళ్లను చూడండి. 1793 ప్రాంతంలో జపాన్ చిత్రకారుడు కితగావా ఉతమారో గీసిన చెక్క అచ్చు బొమ్మ ఇది. ముగ్గురూ ఒకేలా ఉన్నారు కదా? కాసేపు చూస్తే ముక్కు ఒంపులోనూ, కనుబొమల్లోనూ తేడా తెలుస్తుంది. అది కూడా తెలియకపోతే బట్టల మీద, జడలో ఉన్న ఇంటి గుర్తులు చూడాలి.

వీళ్లు రాణులు కారు. ఎడో నగరం, అంటే ఇప్పటి టోక్యో, వాళ్లను రోజూ చూసేది. ఒకిత అనే పిల్ల అసకుసా దగ్గర నానివాయా టీకొట్టులో టీ అందించేది. ఒహిసా వాళ్లది బియ్యప్పిండి బిస్కెట్లు అమ్మే కొట్టు. మూడో ఆమె తొయొహినా, పాటలు పాడేది. బొమ్మలు బయటికొచ్చాక జనం పనిగట్టుకుని ఆ టీకొట్టుకు వెళ్లేవాళ్లట. ఆ రోజుల్లో అదే పబ్లిసిటీ!

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. ఉతమారో గీసేది గీతలే. వాటిని చెర్రీ చెక్క మీద చెక్కేవాడు వేరు, రంగు అద్ది అచ్చు తీసేవాడు వేరు, డబ్బు పెట్టే ప్రచురణకర్త వేరు. నుదుటి దగ్గర వెంట్రుకలు చూడండి. ఒక్కో వెంట్రుక నిలబడాలంటే దాని చుట్టూ ఉన్న చెక్కనంతా తీసేయాలి. నా మటుకు నాకు బొమ్మ మొత్తంలో గొప్ప పని అదే. చిత్రకారుడి సంతకం ఉంటుంది, ప్రచురణకర్త ముద్ర ఉంటుంది, చెక్కినవాడి పేరు మాత్రం సాధారణంగా ఉండదు.

పేర్ల గొడవ అక్కడితో ఆగలేదు. పొదుపు, క్రమశిక్షణ అంటూ ప్రభుత్వం బిగిస్తున్న రోజులవి. వేశ్యావాటికల్లోని వాళ్లవి తప్ప మామూలు ఆడవాళ్ల పేర్లు బొమ్మల మీద వేయకూడదని 1793లో ఆజ్ఞ వచ్చింది. ఉతమారో ఏం చేశాడు? బొమ్మ మూలన చిన్న పొడుపు కథ గీశాడు. రెండు కట్టల ఆకుకూర, ఒక బాణం, నడిసముద్రం, ఒక వరిమడి. జపనీస్‌లో వరసగా చదివితే ‘నా-ని-వా, యా, ఒకి, త’. నానివాయా ఒకిత! అధికారులు మరీ అంత అమాయకులేం కారు, 1796లో ఈ పొడుపు బొమ్మలనూ ఆపేశారు. 1800లో ముఖాన్ని పెద్దగా చూపే బొమ్మల మీదా నిషేధం పెట్టారు.

అయినా 1804లో ఆయన్ని పట్టుకున్నది ఈ అమ్మాయిల కోసం కాదు. పాత పాలకుడు హిదెయోషినీ ఆయన భార్యలనూ పేర్లతో సహా గీసినందుకు. చేతులకు 50 రోజులు సంకెళ్లు వేశారు. రెండేళ్లకు, 1806లో, ఆయన పోయాడు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.