450 రూపాయల చెక్క నడకబండి: ఏడు నెలలు వాడాక నా రివ్యూ

అందరికీ నమస్తే. హన్మకొండలో పొద్దున్నుంచి ముసురు పట్టింది. వెలుతురు కొంచెం తక్కువగా ఉంది, సర్దుకోండి. మా పాప చిట్టి ఇప్పుడే పడుకుంది. అది లేచేలోపు ఈ వీడియో అయిపోవాలి.

ఇదిగో, ఇవాళ మన రివ్యూ దీని మీదే. మూడు చక్రాల చెక్క నడకబండి. మా అత్తమ్మ గీరల బండి అంటుంది. వెనక రెండు చక్రాలు, ముందు ఒకటి, నిలువుగా ఈ చట్రం, పైన పట్టుకోవడానికి అడ్డంగా ఈ కర్ర. అంతే. బ్యాటరీ లేదు, పాటలు లేవు, లైట్లు లేవు. చిట్టికి పదో నెల నడుస్తుండగా కొన్నాం. ఇప్పుడు దానికి 17 నెలలు. ఏడు నెలలు రోజూ వాడిన వస్తువు కాబట్టి ధైర్యంగా చెప్పగలను.

అందరూ అడిగేది ఒకటే. ఇది కొంటే పిల్లలు తొందరగా నడుస్తారా? జవాబు ముందే చెప్పేస్తున్నా: ఆ ఆశతో కొనకండి. అయినా కొనమనే చెప్తాను. ఎందుకంటే మా ఇంట్లో ఈ బండి చేసిన పని వేరే ఉంది.

సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు పోయినప్పుడు కొన్నాం. ఒకపక్క ఒగ్గు డోళ్ల మోత, ఇంకోపక్క ఎటు చూసినా పసుపు. ఒక పెద్దాయన చిట్టి నుదుటికి బండారి పెట్టబోతే అది టక్కున తల తిప్పింది, ముక్కంతా పసుపైంది. ముక్కు తుడుచుకున్న ఆ చేత్తోనే బొమ్మల దుకాణంలో ఈ కర్ర పట్టుకుంది, ఇక వదల్లేదు. చూడండి, కెమెరా దగ్గరికి తెస్తున్నా. ఇక్కడ, కర్ర కింది వైపు, నాలుగు వేళ్ల మరక. బండిని తడిగుడ్డతో ఎన్నోసార్లు తుడిచాను గానీ ఈ చోటు మాత్రం ముట్టుకోలేదు.

కొనేటప్పుడు మూడు సంగతులు చూసుకోండి. మొదటిది రంగు. పక్కన ఎర్రవి, పచ్చవి మెరిసిపోతూ ఉన్నాయి. బొటనవేలు తడిచేసి రుద్దితే రంగు వేలికి అంటింది. ఈ వయసు పిల్లలు ఏది దొరికినా ముందు నోట్లో పెట్టుకునే చూస్తారు, అందుకే రంగు లేనిది తీసుకున్నాం. రెండోది బరువు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క మీరు పట్టుకునే ఉంటారు, అరచేతిలో ఉన్నట్టే అనిపించదు. బొమ్మకు అది బాగుంటుంది. నడకబండికి మాత్రం బరువుండాలి. ఒంటిచేత్తో ఎత్తి చూడండి, మరీ తేలిగ్గా వస్తే వద్దు. మూడోది ఇరుసు. చక్రాన్ని తిప్పి, పక్కలకు ఊపి చూడండి. ఊగితే నెల కూడా ఆగదు.

ఇంటికి తెచ్చాక ఉప్పుకాగితంతో అంతా నున్నగా రుద్దాం. ముఖ్యంగా కర్ర చివర్లు, చక్రాల అంచులు. లేకపోతే చెక్క ముల్లు అరచేతిలో దిగుతుంది. తర్వాత కొంచెం కొబ్బరినూనె పట్టించి ఒకరోజు వదిలేశాం.

ఇక దీంట్లో లోపాలు. రెండున్నాయి, రెండూ పెద్దవే. చిట్టి కూర్చున్న చోటి నుంచి కర్ర పట్టుకుని లేవబోతే బండి ముందు చక్రం గాల్లోకి లేచి మొత్తం దాని మీదికి వాలింది. మా ఆయన పక్కనే ఉండి పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. రెండోది, టైల్స్ మీద జారిపోతుంది. పిల్ల ఒకడుగు వేసేలోపు బండి నాలుగడుగులు ముందుంటుంది. దీనికి మా ఆయన పాత సైకిల్ ట్యూబు కోసి చక్రాలకు చుట్టారు. పట్టు వచ్చింది, చప్పుడు కూడా తగ్గింది. బండి వాలకుండా ముందు వైపు చిన్న కూరగాయల బుట్ట కట్టి, అందులో బాలామృతం ప్యాకెట్టు పెట్టారు. అంగన్వాడీలో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకొకటి ఇస్తారు కదా, అదే. రెండున్నర కిలోలు. సరిగ్గా సరిపోయింది.

ఆ బుట్ట కట్టిన రోజు నుంచి మా ఇంట్లో కథ మారింది.

మేము బరువు కోసం కట్టాం. చిట్టి మాత్రం సామాను మోయడానికే కట్టామనుకుంది. మొదటి వారం ఉల్లిగడ్డలు. వంటింటి మూల నుంచి ఒక్కొక్కటి తీసి బుట్టలో వేయడం, హాల్లో టీవీ కిందికి చేర్చడం, మళ్లీ ఖాళీ బండితో రావడం. తర్వాత మామయ్య కళ్లద్దాలు, ఒక చెప్పు (ఎప్పుడూ ఎడమకాలిదే), దువ్వెన, అత్తమ్మ మందుల డబ్బా. ఇల్లంతా వెతికీ వెతికీ విసిగి, సాయంత్రం అన్నానికి బియ్యం తీయబోతే డబ్బాలో టీవీ రిమోట్ దొరికింది. చిట్టి మూత తీయగలదని ఆరోజే తెలిసింది. అప్పటి నుంచి మందుల డబ్బా పైఅరలోకి వెళ్లింది. మీ ఇంట్లో కూడా పిల్లలు నిలబడటం మొదలుపెట్టిన రోజే మందులు, ఫినాయిలు, అగ్గిపెట్టెలు పైకి మార్చేయండి. ఇది నవ్వులాట కాదు.

ఒక మధ్యాహ్నం బండి చప్పుడు ఆగిపోయింది. వెళ్లి చూస్తే బుట్టలో బాలామృతం ప్యాకెట్టు మూలన చిరిగి ఉంది. చిట్టి నేల మీద కాళ్లు చాపుకుని, పిండి మధ్యలో, కనురెప్పల దాకా పిండితో కూర్చుంది. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర కలిసిన ఆ వాసన హాలంతా నిండింది. రోజూ గిన్నెలో కలిపి పెడితే మూతి తిప్పుకునే పిల్ల, ఆరోజు నేల మీది పిండిని గుప్పిళ్లతో తింటోంది! నన్ను చూసి ఒక గుప్పెడు నాకూ చాపింది. తిన్నాను మరి.

చెప్పడం మర్చిపోయాను, దాని మొదటి మాట కూడా ఈ బండి దగ్గరే. అమ్మ కాదు, నాన్న కాదు. "పా." మామయ్య బయటికి తీసుకెళ్లేటప్పుడల్లా "పా బిడ్డా, పోదాం పా" అంటారు కదా, అది పట్టేసింది. బండిని చూసి పా. గోడ మీది కాకిని చూసి పా. భద్రకాళి చెరువు కట్ట మీద సాయంత్రం నడుస్తుంటే, అక్కడున్న కొంగతో కూడా పా. కొంగ నిజంగానే ఎగిరిపోయింది. చిట్టి మా వైపు తిరిగి చూసిన చూపు నేను ఎప్పటికీ మర్చిపోను. కొంగను తనే పంపించానన్నంత ఆశ్చర్యం ఆ కళ్లల్లో!

ఇప్పుడు కూర్చోబెట్టే వాకర్ సంగతి. గుండ్రంగా ఉండి, మధ్యలో బట్ట సీటు, కింద చక్రాలు, ముందు బొమ్మలు ఉంటాయి కదా, అది. మాకూ ఒకటి కానుకగా వచ్చింది. ప్రేమతో ఇచ్చారు, వాళ్లను ఏమీ అనను. కానీ వాడిన మూడో రోజే చిట్టి అందులో హాలు దాటి గడప దగ్గర ముందుకు ఒరిగింది. అత్తమ్మ అక్కడే కూర్చుని బియ్యం ఏరుతోంది కాబట్టి చెయ్యి అడ్డుపెట్టింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత చదివితే తెలిసింది. కెనడాలో ఈ వాకర్ల అమ్మకాన్ని 2004లోనే నిషేధించారు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం కూడా వీటిని నిషేధించాలనే అంటోంది. వాకర్‌లో ఉన్న పిల్ల ఒక్క సెకనులో 3 అడుగుల పైన దూరం పోగలదట. మనం పక్కనే ఉన్నా, చూసి లేచేలోపే అది పొయ్యి దగ్గరికో మెట్ల దగ్గరికో చేరిపోతుంది. పైగా నడకకు సాయం చేయదు, ఇంకా ఆలస్యం కూడా కావచ్చు. సీటులో కూర్చుని మునికాళ్లతో నేలను నెట్టే పిల్లకు తన బరువు తను మోసే పని ఉండదు. చెక్క బండితో అలా కాదు. తనే లేవాలి, తనే నిలబడాలి, కర్ర వదిలితే తనే కూలబడాలి. మా వాకర్‌ను ఎవరికీ ఇవ్వలేదు, చక్రాలు విప్పేసి పడేశాం.

చెక్క బండి అయినా పిల్లను ఒంటరిగా వదిలేసే వస్తువు కాదు. మెట్లున్న వైపు తలుపు వేసే ఉంచాలి.

సరే, ఇప్పుడు టెన్షన్ గురించి. మా తోటికోడలి కొడుకు పది నెలలకే నడిచాడు. మా చిట్టికేమో ఏడాది దాటింది, 13 నెలలు కూడా నిండాయి, అప్పటికీ బండి పట్టుకుని ఇల్లంతా తిరిగేది, కర్ర వదిలితే మాత్రం టపీమని కూర్చునేది. ఏ ఫంక్షన్‌కు పోయినా అదే ప్రశ్న, "ఇంకా నడుస్తలేదా?" ఒకాయన "బండి అలవాటు చేసి చెడగొట్టిండ్రు" అన్నారు. ఇంటికి వచ్చి ఏడ్చాను, నిజం చెప్తున్నా.

మా అంగన్వాడీ టీచరమ్మ తల్లీబిడ్డల కార్డు తెరిచి, ఏ వయసుకు ఏం చేయాలో ఉన్న బొమ్మలు వేలుపెట్టి చూపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వేసిన లెక్కలు కూడా తర్వాత చూశాను. మన దేశంతో పాటు ఘనా, నార్వే, ఒమన్, అమెరికా పిల్లల్ని చూసి వేసిన లెక్కలవి. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఏ ఆసరా లేకుండా నడిచే వయసు 8.2 నెలల నుంచి 17.6 నెలల దాకా ఉంది. చూశారా, తొమ్మిది నెలలకు పైగా తేడా! మా తోటికోడలి కొడుకూ అందులోనే, మా చిట్టీ అందులోనే. 18 నెలలు నిండినా నడవకపోతే, లేదా ఒక కాలునో చేయినో వాడకుండా ఈడ్చుకుంటున్నట్టు అనిపిస్తే, అప్పుడు ఆగకుండా డాక్టరుకు చూపించండి. అత్తమ్మకు ఈ లెక్కలేవీ చెప్పలేదు. ఆమె మొదటి నుంచీ ఒకటే మాట, "దానికి బుద్ధైనప్పుడు నడుస్తది తియ్యి."

మే నెలలో బుద్ధైంది.

పరకాల నుంచి మా అమ్మ మామిడికాయలు పంపింది. మంచం కింద వరిగడ్డి పరిచి మగ్గేశాం. ఆ వాసనకు చిట్టి మంచం కిందే కాపురం పెట్టింది. ఆరోజు పొద్దున బండి మంచం పక్కన ఆపి, కిందికి దూరి, కుడిచేతిలో ఒక పండు, ఎడమచేతిలో ఒక పండు పట్టుకుని బయటికి వచ్చింది. ఎలాగో లేచి నిలబడింది. బండిని చూసింది. చేతులు చూసుకుంది. మోచేతులతో కర్రను నెట్టబోయింది, కదల్లేదు. బుట్టలో వేయొచ్చు కదా, ఎందుకో వేయలేదు. నేను వంటింటి గుమ్మంలో చేతినిండా జొన్నపిండితో నిలబడి ఉన్నాను. కదలలేదు, పిలవలేదు.

బండిని అక్కడే వదిలేసింది. ఒకటి, రెండు, మూడు. గడప దగ్గర పేపరు చదువుతున్న మామయ్య దాకా ఏడడుగులు. ఒక పండు ఆయన పేపరు మీద పెట్టి, అక్కడే కూలబడి రెండోది కొరకడం మొదలుపెట్టింది. మామయ్య పేపరు దించలేదు. చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నారు. ఆయన చేతులు వణకడం ఇక్కడి నుంచే కనబడింది. ఫోను చార్జింగ్‌లో ఉంది, కాబట్టి వీడియో లేదు, చూపించలేను.

తర్వాత నాకు అర్థమైంది ఏంటంటే, పాకేటప్పుడు రెండు చేతులూ నేల మీదే. బండి పట్టుకుంటే రెండు చేతులూ కర్ర మీదే. రెండు పండ్లు మోయాలంటే నడవడం తప్ప వేరే దారి లేదు. బండి దానికి నడక నేర్పలేదు. ఒక చోటి వస్తువును ఇంకో చోటికి చేర్చడంలో ఉన్న ఆనందం నేర్పింది. అందుకే ఈ వీడియో చేస్తున్నాను.

పడటం మాత్రం ఆగలేదు. 2012లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో, ఆడుకుంటున్న 12 నుంచి 19 నెలల పిల్లలు గంటకు సగటున 2,368 అడుగులు వేశారట, 17 సార్లు పడ్డారట. అది చదివాక చిట్టి పడితే పరుగెత్తడం తగ్గించాను. మన దగ్గర నవ్వితే నువ్వులుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు అంటారు కదా. అత్తమ్మ ఆ ఎండల్లోనే బియ్యం నానబోసి, దంచి, బెల్లం పాకం పట్టి అరిసెలు చేసింది. వాడంతా పంచాం. ఇంకా నడుస్తలేదా అన్న వాళ్ల ఇంటికి కూడా పంపాం.

అడుగులొచ్చాక కీచుమనే చెప్పులు కొన్నాం. చప్పుడు వినడానికి నిలబడ్డ చోటే కాళ్లు కొట్టుకుంటూ ఉండిపోయింది, ముందుకు కదల్లేదు. ఇంట్లో వట్టికాళ్లతోనే తిరగనివ్వండి, పాదానికి నేల తెలియాలి.

పదికి ఎంత ఇస్తానంటే, కొన్నది కొన్నట్టు వాడితే ఆరు. ట్యూబు చుట్టి, బరువు కట్టాక తొమ్మిది. 450 రూపాయలకు ఇంతకన్నా మంచి ఆట వస్తువు మా ఇంట్లో లేదు. పిల్ల తనంతట తను దేన్నయినా పట్టుకుని లేచి నిలబడటం మొదలుపెట్టాకే కొనండి, అంతకుముందు తెచ్చినా లాభం లేదు. ఇంకో సంగతి, దాని ట్యూబు ఎలా...

ఆగండి, లేచినట్టుంది. వస్తోంది. జుట్టంతా రేగిపోయి ఉంది, చేతిలో మామయ్య ఎడమ చెప్పు. బుట్టలో వేసింది. చూశారా, బండిని కెమెరా ముందు నుంచి లాగేస్తోంది.

"పా."

వస్తున్నా బిడ్డా.