ఐదేళ్ళ పిల్లకి బైనాక్యులర్: చిలికా ఒడ్డున 8 ఇంటూ 21

నమస్కారం అండీ. బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం వైపు నుంచి ఈ చలికాలం పిల్లల్ని తీసుకుని, ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డునున్న రంభలో టెంట్ వేసి పిట్టల్ని చూద్దామనుకునేవాళ్ళ కోసం ఈ వీడియో. ముందే చెప్పేస్తున్నా, ఈ 8 ఇంటూ 21 బైనాక్యులర్ కంపెనీవాళ్ళు ఫ్రీగా పంపారు. 8 అంటే ఎనిమిదింతలు పెద్దగా చూపిస్తుందని, 21 అంటే ముందు అద్దం వెడల్పు 21 మిల్లీమీటర్లని. డబ్బులు మాత్రం ఇవ్వలేదు. ఇచ్చినా తిట్టాల్సింది తిట్టేవాణ్ణే.

స్పెసిఫికేషన్లు డబ్బా మీదే ఉన్నాయి, నేను చదవను. చూడాల్సింది ఈ మడత. ఇదిగో, దగ్గరగా చూపిస్తున్నా. మధ్యలో కీళ్ళు రెండున్నాయి. పూర్తిగా మడిచి, కన్ను పెట్టే అద్దాల మీద స్కేలు పెడితే, ఈ మధ్య నుంచి ఆ మధ్యకి 45 మిల్లీమీటర్లు. ఐదేళ్ళ పిల్లల కంటిపాపల ఎడం 50కి అటూ ఇటూ ఉంటుంది. పెద్దవాళ్ళ 8 ఇంటూ 42లు చాలావరకు 55 దగ్గరే ఆగిపోతాయి. అప్పుడు పిల్లకి ఒక కంట్లోనే బొమ్మ పడుతుంది, రెండోది నల్లగా కమ్మేస్తుంది. మనమేమో "సరిగ్గా చూడవే" అని కసురుతాం.

"కనపడిందా?" అని అడక్కండి, కనపడకపోయినా ఊఁ అంటారు. "ఎన్ని గుండ్రటి సున్నాలు కనపడుతున్నాయి?" అనడగండి. రెండంటే కీలు కొంచెం కొంచెం కదుపుతూ ఒకటయ్యేదాకా తేవాలి. తర్వాత ఒడ్డున బురదలో నిలబడ్డ నల్లరెక్కల స్టిల్ట్ పిట్టని చూపించి "కాళ్ళేం రంగు?" అనండి. గులాబీ అంటే నిజంగా చూసినట్టు.

ఇంతవరకూ బాగుంది. నా కోపమంతా ఇక్కడే: ఆ కీళ్ళకి బిగువు లేదు! మెడలో వేసుకుని నాలుగడుగులు వేస్తే ఎడం మారిపోతుంది, మళ్ళీ రెండు సున్నాలు. ఒకసారి కుదిరాక కీలు మీద గోళ్ళరంగుతో గీత పెట్టి, రెండు గొట్టాల మధ్య సందులో మడిచిన గుడ్డ దూర్చి, ఎలక్ట్రికల్ టేపు చుట్టేయండి. కొత్త సరుక్కి టేపు చుట్టడమేంటో!

తాడు ఇంకా ఘోరం. లాగితే ఊడే క్లిప్పు లేదు. టెంటు తాడుకి తగులుకుంటే మెడ బిగుస్తుంది. తీసి పారేసి ఊడే క్లిప్పున్న తాడు వేయండి, పొడవు రొమ్ము దాకా చాలు. రాత్రి మాత్రం మెడలో ఉంచొద్దు.

10 ఇంటూ ఎందుకు తీసుకోలేదని అడుగుతారు. బొమ్మతోపాటు చేతి వణుకూ పదింతలవుతుంది, అందుకు. బాలుగావ్ నుంచి సరస్సులోని నలబణ పక్షుల దీవి వైపు పడవెక్కితే ఈ 8 కూడా ఇంజన్ అదురుకి ఆగదు, కాసేపు ఆపమనండి.

వెలుతురు సంగతి. 21ని 8తో భాగిస్తే 2.6 మిల్లీమీటర్లు, కంట్లోకొచ్చే వెలుగు కిరణం వెడల్పు అంతే. మసక వెలుతుర్లో పనికిరాదు. రంభ దగ్గర నీళ్ళు తూర్పు వైపు, పొద్దున్నే చూస్తే ఎండ మొహానికి కొడుతుంది, పిట్టలన్నీ నల్ల మచ్చలే. పైగా పిల్ల పొరపాటున సూర్యుడి మీదికి తిప్పితే కన్ను పోతుంది. సాయంత్రం మూడున్నర నుంచి చూడండి, ఎండ వీపు వెనకుంటుంది. డిసెంబరులో ఐదుంబావుకల్లా పొద్దు దిగిపోతుంది, నాలుగుముప్పావుకి సర్దేయడమే.

అద్దం మీద ఉప్పునీటి తుంపర ఎండితే పొడిగుడ్డతో రుద్దొద్దు, గీతలు పడతాయి. ముందు ఊదే బుడ్డితో ఊది, తర్వాత తడిగుడ్డతో అద్దాలి. రాత్రి బయట వదిలేస్తే మంచు పడుతుంది, తెల్లారి టెంటులోకి తెస్తే ఆవిరి పట్టేస్తుంది. మూత బిగించిన సంచిలో లోపలే పెట్టండి.

కొనాలా? 45కి మడత పడేది ఇంకొకటి, కీలు బిగువున్నది దొరికితే దీన్ని వదిలేయండి. దొరక్కపోతే ఇదే, టేపుతో సహా.