పిల్లలు ప్రశ్న అడిగితే మనం ఏం చేస్తున్నాం?

(చిత్తూరులో జరిగిన చర్చా కార్యక్రమంలోంచి. పాల్గొన్నవారు: ఒక పాస్టర్ గారు, ఆదివారాలు చర్చిలో పిల్లలకు బైబిల్ పాఠాలు చెప్పే సండే స్కూల్‌ను చాలా ఏళ్లుగా చూసుకుంటున్న టీచర్, తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్న అమ్మాయి.)

యాంకర్: ఏడో క్లాసు వరకు చర్చిలో ముందు వరసలో కూర్చుని కంఠతా పట్టిన బైబిల్ వాక్యాలు గడగడా చెప్పిన పిల్లలు, పదికి వచ్చేసరికి వెనక బెంచీకి, ఇంటర్‌కి వచ్చేసరికి గేటు బయటికి వెళ్లిపోతున్నారు. ఎందుకు అయ్యగారూ?

పాస్టర్: కాలేజీల్లో ఆదివారం కూడా స్టడీ అవర్లు పెడుతున్నారు, అది నిజమే. కానీ తప్పంతా కాలేజీల మీదికి తోసేస్తే ఎట్లా? పదిహేనేళ్ల పిల్లాడు స్కూల్లో సైన్స్ చదువుకుని వస్తే మనం ఇంకా బైబిల్ కథలోని నోవహు ఓడ బొమ్మ చేతికిచ్చి రంగులేయమంటున్నాం. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండే స్కూల్ పెట్టింది, వారమంతా పనికి పోయే పిల్లలకు చదువుకోడానికి ఆ ఒక్క రోజే దొరుకుతుందని. ఆ పిల్లలకు ఏం కావాలో చూసి పెట్టాడు. మన పిల్లలకు ఏం కావాలో మనం ఎప్పుడైనా అడిగామా?

టీచర్: నేను చేసిన తప్పు ఒకటి చెప్పుకోవాలి. పదో తరగతి అబ్బాయి ఒకడు, మా అవ్వ కోసం సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేశారు కదా, మరి ఎందుకు చనిపోయింది అని క్లాసులో అడిగాడు. అట్లా అడగకూడదు నాయనా, విశ్వాసం ఉండాలి అనేశాను. వాడు మళ్లీ నోరు తెరవలేదు. కొన్నాళ్లకు రావడమే మానేశాడు. ఇప్పటికీ ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర వాళ్లమ్మ చెప్పులు కనబడతాయి, వాడివి కనబడవు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు జవాబు తెలియదు. తెలియదురా, నాకూ ఏడుపొచ్చింది అని ఉంటే సరిపోయేది. బైబిల్లో 13వ కీర్తనలో ఎన్నాళ్లు ప్రభువా అని దావీదు రాజే అడిగాడే!

విద్యార్థిని: మా రూములో మిగతా ముగ్గురూ సెలవొస్తే అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్తారు. మీరు బొట్టెందుకు పెట్టుకోరు, ప్రసాదం ఎందుకు తినరు అని నన్ను అడుగుతారు, వెటకారంగా కాదు, తెలుసుకుందామనే. నాకు వాక్యాలు బోలెడు వచ్చు గానీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం రాదు. చర్చిలో అడిగితే ఊరుకోమనో, గట్టిగా వాదించమనో అంటారు. ఒకే కంచంలో తినే స్నేహితురాలితో వాదనెందుకు అయ్యగారూ?

పాస్టర్: వాదించమని లేదమ్మా. బైబిల్లో మొదటి పేతురు పత్రిక 3:15 చూడు, అడిగినవాళ్లకు సాత్వికంతో జవాబు చెప్పమనే ఉంది. అది నేర్పాల్సింది మేమే, నేర్పలేదు.

యాంకర్: ఇట్లా ప్రశ్నలడగనిస్తే ఉన్న విశ్వాసం కూడా పోతుందని పెద్దలు భయపడతారు కదా?

పాస్టర్: లూకా సువార్త 2వ అధ్యాయంలో యేసుకు 12 ఏళ్లు. దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వాళ్లు చెప్పేది వింటున్నాడు, ప్రశ్నలూ అడుగుతున్నాడు. ఆ బోధకులు నోరు మూసుకోమనలేదు, ఆశ్చర్యపోయారు. ఆ అధ్యాయం చివర, జ్ఞానంలో, వయసులో, దేవుని దయలో, మనుషుల దయలో వర్ధిల్లాడని ఉంది. మనం వయసు పెరగడం ఒక్కటే చూస్తున్నాం, బట్టలు పొట్టివైతే కొత్తవి కొంటాం, పాఠం మాత్రం పాతదే.

టీచర్: మేమిప్పుడు ఒక అట్టపెట్టె పెట్టాం, పేరు రాయకుండా చీటీ వేయొచ్చు. ఆరాధన అయ్యాక చాపలేసుకుని గుండ్రంగా కూర్చుని ఒక్కో చీటీ తీసి మాట్లాడుకుంటాం. తెలియనిది తెలియదనే చెప్తాను. మే నెల వి.బి.ఎస్.లో, అంటే వేసవి సెలవుల బైబిల్ తరగతుల్లో, చిన్నపిల్లలకు పాఠం చెప్పే పని కూడా టెన్త్ రాసినవాళ్లకే ఇచ్చాం. రేపు చిన్నపిల్లలు ఏం అడుగుతారో అని టెన్షన్‌తో ముందురోజు రాత్రి బైబిల్ తెరిచి కూర్చున్నారు. నేనెన్నిసార్లు చదవమన్నా అట్లా చదవలేదు.

విద్యార్థిని: అక్కా, ఆ అబ్బాయి ఇంటికి మళ్లీ వెళ్లారా?

టీచర్: లేదమ్మా. మొహం చెల్లలేదు. ఈ ఆదివారం వెళ్తాను. వాక్యం చెప్పడానికి కాదు, వాళ్లవ్వ గురించి వాడు ఏం చెప్పినా కూర్చుని విని వస్తాను.