ఇంటిపేరు ముందుంటేనే మన పుస్తకం దొరుకుతుంది
(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయ సిబ్బందికి, ఇంత పొద్దుపోయినా ఓపికగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా ఈ వారోత్సవాలు జరుపుకుంటాం, బీరువాల్లోని పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కంప్యూటర్లో పోగుపడ్డ పుస్తకాల గురించి చెప్పమన్నారు. ఈబుక్కులను సర్దిపెట్టే కాలిబర్ అనే సాఫ్ట్‌వేర్ దగ్గర పెట్టుకుని మూడు పనులు చెబుతాను: పుస్తకాలు చేర్చడం, పేర్లు సరిచేయడం, భద్రపరచడం.

కాలిబర్‌ను కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టారు. ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. యాడ్ బుక్స్ నొక్కి ఫైలు చూపిస్తే దానికి ఒక నకలు తీసి తన లైబ్రరీ ఫోల్డర్లో పెట్టుకుంటుంది. అసలు ఫైలు డౌన్‌లోడ్స్‌లో అలాగే ఉంటుంది. డిస్కు రెండింతలు నిండేది అందుకే. లైబ్రరీ ఫోల్డర్ తెరిస్తే రచయిత పేరుతో ఒక ఫోల్డరు, దాని లోపల పుస్తకం పేరుతో ఇంకో ఫోల్డరు ఉంటాయి. మీరు తెలుగులో పేరు పెట్టినా అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లోనే కనిపిస్తుంది. అది చూసి కంగారుపడి చేత్తో పేర్లు మార్చకండి. మార్చారంటే కాలిబర్‌కు ఆ ఫైలు ఎక్కడుందో తెలియకుండా పోతుంది. ఏ పేరు మార్చాలన్నా కాలిబర్‌లోనే మార్చాలి.

ఇక పేర్లు. నేను ఇక్కడికి వచ్చింది అసలు ఈ మాట చెప్పడానికే.

రచయిత పేరు దగ్గర గురజాడ అప్పారావు అని కొట్టండి. రచయితలను ఏ పేరుతో వరుసపెట్టాలో చెప్పే ఆథర్ సార్ట్ గడిలో ఏం పడుతుందో చూడండి: 'అప్పారావు, గురజాడ'. ఇంటిపేరు చివర వస్తుందనే లెక్కతో కాలిబర్ ఆఖరి ముక్కను తీసుకెళ్లి ముందు పెట్టింది. మనకు ఇంటిపేరు ముందే ఉంటుంది కదా! శాస్త్రి, శర్మ, రావు విడిగా రాసే పేర్లయితే ఇంకా ఘోరం. శాస్త్రులందరూ ఒకచోట, రావులందరూ ఒకచోట చేరిపోతారు. వందల పుస్తకాల్లో ఇంటిపేరుతో వెతుక్కునే పాఠకుడికి వరుస పనికిరాకుండా పోతుంది. ఇది చిన్న విషయం అనకండి. పుస్తకం ఉండీ దొరకకపోతే లేనట్టే లెక్క.

దీనికి మందు ఉంది, రాసుకోండి. ప్రిఫరెన్సెస్‌లో అడ్వాన్స్‌డ్ కింద ట్వీక్స్ అనే చిన్న సెట్టింగుల జాబితా ఉంటుంది. అందులో ఆథర్ సార్ట్ నేమ్ ఆల్గారిథం వెతకండి. అక్కడ ఇంగ్లీషులో కామా అని ఉన్న మాట తీసేసి కాపీ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. అటూ ఇటూ ఉన్న కొటేషన్ గుర్తులు చెరిపేయకండి, చెరిపితే ఆ సెట్టింగు పనిచేయదు. అప్లై చేసి కాలిబర్ మూసి మళ్లీ తెరవండి. చాలామంది ఇక్కడితో ఆగిపోయి 'ఏమీ మారలేదే' అంటారు. పాత పుస్తకాల వరుస దానంతట అది మారదు. మేనేజ్ ఆథర్స్ తెరిచి, వరుస పేర్లన్నీ మళ్లీ లెక్కించే బటన్ నొక్కాలి. సి.పి. బ్రౌన్ లాంటి ఇంగ్లీషు పేర్లను అదే పట్టికలో చేత్తో తిప్పి రాసుకోవాలి. మన సేకరణలో వాళ్లే తక్కువ, ఆ శ్రమ అక్కడ పడదాం.

జంట రచయితలుంటే మధ్యలో కామా పెట్టకండి, & గుర్తు పెట్టండి. కామా పెడితే ఇద్దరూ ఒక్క మనిషైపోతారు. ఒకే రచయిత రామ్మోహన్ అనీ రామ్‌మోహన్ అనీ రెండు రకాలుగా పడితే ఇద్దరైపోతాడు. మేనేజ్ ఆథర్స్‌లో ఒక పేరును రెండోదానిలా అక్షరం పొల్లుపోకుండా దిద్దితే రెండూ కలిసిపోతాయి. ఇంటర్నెట్ నుంచి వివరాలు టోకున దించుకునేటప్పుడు జాగ్రత్త. తెలుగులో కష్టపడి దిద్దిన పేర్ల మీద ఇంగ్లీషు స్పెల్లింగులు వచ్చి కూర్చుంటాయి. ముందే మెటాడేటా (అంటే పుస్తక వివరాలు) డౌన్‌లోడ్ సెట్టింగుల్లో టైటిల్, ఆథర్స్ దగ్గర టిక్కులు తీసేయండి. ఇంగ్లీషు స్పెల్లింగుతో కూడా వెతకాలనుకుంటే దానికోసం సొంతంగా ఒక కాలమ్ చేర్చుకోండి. తెలుగు పేరును మాత్రం దాని చోటు నుంచి కదపకండి, దయచేసి.

పీడీఎఫ్‌ను ఈపబ్‌గా, అంటే తెర సైజుకు తగ్గట్టు అక్షరాలు సర్దుకునే ఈబుక్‌గా మార్చడం గురించి ఎవరో చీటీ పంపారు. మార్చేముందు ఒక పరీక్ష చేయండి. పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టండి. తెలుగు అక్షరాలే వస్తే ముందుకెళ్లండి. లైను ఎంపికే కాకపోతే అది స్కాన్ బొమ్మ. తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తే అది అను ఫాంట్లలాంటి పాత డీటీపీ అక్షరాలతో చేసిన పుస్తకం. తెర మీద చక్కగా కనిపించినా లోపల యూనికోడ్ తెలుగు, అంటే కంప్యూటర్లన్నీ గుర్తుపట్టే తెలుగు లేదు. ఈ రెండు రకాలనూ కాలిబర్ బాగుచేయలేదు. బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే టెసరాక్ట్ లాంటి ఓసీఆర్‌తో తెలుగు భాష ఎంచుకుని చదివించాలి, తర్వాత మనిషి కూర్చుని ఒత్తులు, దీర్ఘాలు దిద్దాలి. అంత తీరిక లేకపోతే పీడీఎఫ్‌ను పీడీఎఫ్‌గానే ఉంచండి. తప్పుల ఈపబ్ కంటే అదే మేలు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. భద్రపరచడం గురించి రెండు నిమిషాలు ఇవ్వండి, చాలు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్ దుకాణం మూసేసింది. కొన్నవాళ్లకు డబ్బు తిరిగొచ్చింది గానీ పుస్తకాలు పోయాయి. కాబట్టి నకలు మన చేతిలో ఉండాలి. లైబ్రరీ ఫోల్డర్‌ను వన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో పెట్టి దాని మీదే కాలిబర్ నడపకండి. పుస్తకాల పట్టీ అంతా మెటాడేటా.డీబీ అనే ఒక్క ఫైల్లో ఉంటుంది. కాలిబర్ దాంట్లో రాస్తుండగా సింక్, అంటే ఇంటర్నెట్‌లోకి నకలు పంపే పని, వచ్చి తగిలితే అది చెడిపోవచ్చు. లైబ్రరీ కంప్యూటర్లోనే ఉంచి, కాలిబర్ మూసేసి, ఫోల్డర్ మొత్తం బయటి హార్డ్‌డిస్కుకు కాపీ చేయండి. కాపీ అయ్యాక వేరే కంప్యూటర్లో దాన్నే లైబ్రరీగా తెరిచి నాలుగు పుస్తకాలు చదివి చూడండి.

ఎప్పుడైనా పట్టీ చెడిపోతే గుండెలు బాదుకోకండి. ప్రతి పుస్తకం పక్కనా ఓపీఎఫ్ అనే చిన్న వివరాల ఫైలు ఉంటుంది. లైబ్రరీ మెయింటెనెన్స్‌లో రిస్టోర్ డేటాబేస్ నొక్కితే వాటిని చదువుకుని పట్టీ మళ్లీ కట్టుకుంటుంది. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు సభ అవగానే ముందుకు రండి, ఆ ట్వీక్ ఇక్కడే మార్చి వెళదాం. నమస్కారం.