బూస్టర్ కాదు సామీ, ముందు బ్యాటరీ మార్చండి!

వెయ్యిన్నీ చిల్లర ఎర్రర్లు! స్క్రీన్ నిండా ఎర్రటి అక్షరాలు, కింద "ఇప్పుడే బాగు చెయ్యి" అని పచ్చ బటను. ఆ క్లిప్పు మీరూ చూసే ఉంటారు. పదిహేనేళ్ల డెస్క్‌టాప్‌ని ఒక్క క్లిక్కుతో కొత్త పెళ్లికొడుకుని చేసేస్తుందంట ఆ బూస్టరు, అదే, పాత కంప్యూటర్‌ని స్పీడు చేస్తానని చెప్పే సాఫ్ట్‌వేరు. తిరుపతి, చిత్తూరు డీటీపీ షాపుల వాట్సప్ గ్రూపుల్లో ఇప్పుడు ఇదే గోల. సూపర్ అనేవాళ్లు సగం, వేసినాక సిస్టం ఇంకా మొరాయిస్తా ఉందనేవాళ్లు సగం.

నాది ఒకటే మాట. రాసి పెట్టుకోండి. మీ పాత సిస్టంకి కావాల్సింది బూస్టర్ కాదు, బ్యాటరీ! మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల మాదిరి మెరస్తా ఉంటుందే, అదే.

నవ్వుకోండి, పర్లేదు. ముందు ఆ ఎర్రర్ల లెక్క సంగతి తేల్చేద్దాం. 2019లో అమెరికాలో ఆఫీస్ డిపో అనే షాపుల కంపెనీ, దానికి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సపోర్ట్ డాట్ కామ్, రెండూ కలిసి మూడున్నర కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. పట్టుకునింది అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, కొనేవాళ్లని మోసం చేసేవాళ్ల మీద కన్నేసే సర్కారు సంస్థ. దాని ఆరోపణ వినండి. కంప్యూటర్‌కి ఉచితంగా హెల్త్ చెక్ అని కూర్చోబెట్టి, మొదట్లోనే నాలుగు ప్రశ్నలు. స్లోగా ఉందా? పాప్అప్‌లు వస్తున్నాయా? వైరస్ అని ఏమన్నా చెప్పిందా? ఉన్నట్టుండి ఆగిపోతా ఉందా? ఒక్కదానికి టిక్కు పెట్టినా చాలు, చివర్లో "మాల్‌వేర్ లక్షణాలు కనిపించాయి" అని వచ్చేదంట. అంటే జబ్బు చెప్పింది మీరే, ఫీజు మాత్రం వాళ్లకి! 2024 మార్చిలో రీఇమేజ్, రెస్టోరో అనే రిపేర్ సాఫ్ట్‌వేర్ల వాళ్లు కూడా ఇట్లాంటి వ్యవహారంలోనే 2.6 కోట్ల డాలర్లకు రాజీ పడినారు.

రిజిస్ట్రీ క్లీనర్లయితే మరీ దారుణం. వాటిని తాము సపోర్ట్ చెయ్యమని మైక్రోసాఫ్టే చెప్పింది. రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగులన్నీ రాసిపెట్టుకునే చిట్టా. అందులో పనికిరాని ఎంట్రీలు నాలుగు ఉంటే ఏమవుతుంది? ఏమీ కాదు, ఊరికే పడుంటాయి. పనికొచ్చేది ఒక్కటి పోతేనే ప్రింటర్ పలకదు. ఎముక విరిగితే పుత్తూరు పోయి కట్టు కట్టించుకుంటాం. తలనొప్పికి పుత్తూరు కట్టు కడతామా అన్నా?

సరే, బ్యాటరీ. దాని పేరు సీఆర్ 2032. అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2, అందుకే ఆ నంబరు. మూడు వోల్టులు. సిస్టంకి కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపించేది ఇదే. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ, సిస్టం ఆఫ్‌లో ఉన్నా సరే, దీనికి పని ఉండదు. మన షాపుల్లో ఏం చేస్తారు? రాత్రి షట్టర్ దించేముందు మెయిన్ స్విచ్చే కట్టేస్తారు. ఇంక తెల్లారేదాకా ఆ బిళ్ల ఒక్కటే కాపలా. ఏళ్ల తరబడి అట్లా కాసి కాసి, ఒకరోజు చేతులెత్తేస్తుంది. పొద్దున ఆన్ చేస్తే సిస్టం 2009లో నిద్ర లేస్తుంది. నల్ల తెర మీద "సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, ఎఫ్1 నొక్కండి" అని (అంటే బోర్డు దాచుకున్న సెట్టింగులు చెరిగిపోయినాయని) రోజూ వస్తా ఉంటే, కుర్రాడు రోజూ ఎఫ్1 నొక్కేసి పనిలో పడతాడు.

అసలు మోసం ఇక్కడే మొదలవుతుంది. ప్రతి వెబ్‌సైటుకీ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దాని మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో ఉంటుంది. 300 రూపాయల దర్శనం టికెట్ చూసినారు కదా? దాని మీద వేసిన రోజు కాకుండా ఇంకోరోజు పోయి నిలబడితే లోపలికి వదులుతారా? ఇదీ అంతే. మీ సిస్టం 2009లో ఉంటే, నిన్నగాక మొన్న ఇచ్చిన సర్టిఫికెట్ దానికి ఇంకా పుట్టనే లేదు. సైటు తెరుచుకోదు, డౌన్‌లోడ్ కాదు, యాంటీవైరస్ అప్‌డేట్ కాదు, నెట్ నుంచి ఫైళ్లు తెచ్చుకునే ఇన్‌స్టాలర్ సగంలో ఆగిపోతుంది. అప్పుడు మనవాడు ఏమనుకుంటాడు? వైరస్ పడింది అనుకుంటాడు. ఎక్కడో బూస్టర్ పట్టుకొచ్చి వేస్తాడు. తప్పు బిళ్లది, శిక్ష విండోస్‌కి.

ఇంటర్నెట్ టైమ్ అదే సరిచేస్తుంది కదా అంటారా? మామూలు విండోస్ 7 సిస్టంలో తేడా 15 గంటలు దాటితే అది దానంతట అది దిద్దదు. ముందు మీరే చేత్తో తేదీ పెట్టాలి, ఆ తర్వాతే "అప్‌డేట్ నౌ". టైమ్ జోన్ ఐదున్నర గంటల కోల్‌కతా లైనులో ఉందో లేదో కూడా చూడండి.

ఇప్పుడు మార్చే పద్ధతి. గబగబా పీకేయొద్దు! ముందు బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెరలోకి పోండి, ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి. అక్కడ శాటా మోడ్ అని ఉంటుంది, హార్డ్ డిస్కుతో బోర్డు ఏ పద్ధతిలో మాట్లాడాలో చెప్పే సెట్టింగు. ఏహెచ్‌సీఐ ఉందా, ఐడీఈ ఉందా? ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఎందుకంటే బ్యాటరీ తీస్తే సెట్టింగులన్నీ ఫ్యాక్టరీవి అయిపోతాయి. విండోస్ 7ని ఏహెచ్‌సీఐలో వేసుంటే, అది కాస్తా ఐడీఈ అయితే, నీలం తెర వస్తుంది, చివర 7బీ అని. దాన్ని చూసి విండోస్ పోయిందని ఫార్మాట్ కొట్టేస్తారు. పెళ్లి కార్డుల డిజైన్లన్నీ గోవిందా! మోడ్ వెనక్కి మారిస్తే అయిపోయే పని అది.

ఫోటో అయినాక సిస్టం ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి, మిగిలిన కరెంటు దిగిపోతుంది. పక్కనుండే చిన్న క్లిప్పును గోటితో నెడితే బిళ్ల పైకి లేస్తుంది. మీటరు ఉంటే 20 వోల్టుల డీసీలో పెట్టి చూడండి. కొత్తది మూడుకి కొంచెం పైన చూపిస్తుంది, మూడుకి బాగా కింద ఉంటే పారేయండి. ప్లస్ గుర్తు పైకి కనపడేట్టు కొత్తది పెట్టండి. అంగట్లో సీఆర్ 2025 అనే బిళ్ల ఇచ్చి అదీ ఇదీ ఒకటే అంటే నమ్మొద్దు, అది పలచన, వదులుగా కూర్చుంటుంది. ఛార్జ్ చేసే రకం, అదే ఎల్ఐఆర్ 2032, అసలే వద్దు, దాని వోల్టేజీ వేరు. బయాస్‌లో తేదీ, టైము, శాటా మోడ్ పెట్టి సేవ్ చేయండి. అంతే.

బ్యాటరీ మార్చినా కొత్త ప్రోగ్రాము ఇన్‌స్టాల్ కాలేదా? సరే, అప్పుడు వినండి. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న చేతులు దులిపేసుకుంది. కొత్త ప్రోగ్రాములు, డ్రైవర్ల మీద ఇది అసలుదే అని చెప్పే డిజిటల్ సంతకాలు ఇప్పుడు షా-2 రకం. అప్‌డేట్ కాని విండోస్ 7కి ఆ సంతకం చదవడమే రాదు. డ్రైవర్ దగ్గర పసుపుపచ్చ త్రికోణం, కోడ్ 52 వస్తే దాదాపు ఇదే కథ. వరస తప్పొద్దు: సర్వీస్ ప్యాక్ 1, తర్వాత కేబీ4490628 అనే అప్‌డేట్, తర్వాత కేబీ4474419, రీస్టార్ట్. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్‌లో ఆ నంబర్లు కొడితే దొరుకుతాయి. 32 బిట్టా 64 బిట్టా చూసి దించండి. కంప్యూటర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అక్కడే రాసుంటుంది.

ఏపీఐ-ఎంఎస్-విన్-సీఆర్‌టీ అని మొదలయ్యే డీఎల్ఎల్ ఫైలు లేదంటుందా? ఆ ఒక్క ఫైలునే ఏదో సైటులో దించి సిస్టమ్32లో పడేస్తారే, వాళ్లకో నమస్కారం! లేనిది ఒక ఫైలు కాదు, మొత్తం రన్‌టైమే, అంటే ప్రోగ్రాము నడవడానికి కావాల్సిన ఫైళ్ల మూటే లేదు. కేబీ2999226, దాని మీద విజువల్ సీ ప్లస్ ప్లస్ 2015 రన్‌టైమ్. సిస్టం 64 బిట్ అయినా రెండు రకాలూ వేయండి, 32 బిట్ ప్రోగ్రాముకి 32 బిట్ రన్‌టైమే కావాలి.

డీటీపీ వాళ్లకి ఒక ముక్క. తెలుగు టైపింగ్‌కి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ ఆన్‌లోనే ఉంది, నోట్‌ప్యాడ్‌లో తెలుగు పడతా ఉంది, పేజీలు కట్టే పేజ్‌మేకర్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాలే వస్తున్నాయా? పేజ్‌మేకర్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, స్క్రిప్ట్ మేనేజర్‌ని మామూలుగా తెరిచింటారు. కింది హోదాలో ఉన్న ప్రోగ్రాము పై హోదా విండోలో కీబోర్డును పట్టుకోకుండా విండోస్ అడ్డం పడుతుంది. ఎక్స్‌పీలో ఈ తంటా లేదు, విస్టా నుంచి వచ్చింది. రెండింటినీ ఒకే హోదాలో తెరవండి. దీనికి కూడా బూస్టర్ వేసేవాళ్లు ఉండారు సామీ!

మరి స్లో సంగతి? సర్వదర్శనం లైను తగ్గిస్తానని చెప్పి, తన తరఫున ఇంకో పదిమందిని తెచ్చి అదే లైన్లో నిలబెట్టినట్టు ఉంటుంది బూస్టర్ పని. లైను ఎక్కడంటే, హార్డ్ డిస్కు దగ్గర. క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో అని చిన్న ఉచిత టూలు ఉంది, తెరిచి చూడండి. పసుపు రంగులో "కాషన్" అని ఉంటే, 05 గానీ సీ5 గానీ వరసలో సున్నా కాని అంకె ఉంటే, ఆ డిస్కులో చెడిపోయిన, చెడిపోతున్న చోట్లు ఉన్నట్టు. డీఫ్రాగ్ గీఫ్రాగ్ అని దాన్ని ఇంకా ఉరికించొద్దు. ముందు డేటా బయటికి తీయండి, తర్వాత శాటా ఎస్ఎస్‌డీ వేయండి. పాత బోర్డులో శాటా 2 ఉన్నా తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

బూస్టర్ ఇప్పటికే వేసేసినవాళ్లు: గడియారం పక్కనుండే ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ఎగ్జిట్ కొట్టి, కంట్రోల్ ప్యానెల్‌లో తీసేయండి. అక్కడితో వదలొద్దు. టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీలో దాని పేరుతో ఏమన్నా మిగిలిందేమో చూసి తీసేయండి. ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో కనెక్షన్స్, ల్యాన్ సెట్టింగ్స్‌కి పోయి, మీరు పెట్టని ప్రాక్సీ (నెట్టుని మధ్యలో ఇంకో సర్వర్ గుండా తిప్పే సెట్టింగు) టిక్కు ఉంటే ఎత్తేయండి. బూస్టర్‌ని తీసేసినాక నెట్టు రావట్లేదు అనేవాళ్లు ముందు చూడాల్సింది ఈ టిక్కే.

ఇప్పుడు ఒక పని చేయండి. ఈ రాత్రి మెయిన్ స్విచ్ కట్టేసి పోండి. పొద్దున నెట్టు వైరు పీకి, సిస్టం ఆన్ చేసి, కింద కుడి మూల ఏ సంవత్సరం చూపిస్తా ఉందో కామెంట్‌లో పెట్టండి. చూద్దాం, మీ ఊళ్లో ఎన్ని సిస్టంలు ఇంకా 2009లోనే ఉండాయో.