జాడ పట్టేది ఫోనా, మనిషా?

అందరికీ నమస్కారం అండి. 2020 ఏప్రిల్ గుర్తుందా మీకు, ఎవరికి ఫోన్ చేసినా రింగ్ కంటే ముందు దగ్గు వినబడేది, ఆ కోవిడ్ రోజులు. ఏప్రిల్ 2న ఆరోగ్య సేతు యాప్ వచ్చింది, 13 రోజుల్లో 5 కోట్ల మంది డౌన్‌లోడ్ చేసేశారు, స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళకి 1921కి మిస్డ్ కాల్ ఇమ్మన్నారు. మా ఇంట్లో పొద్దున్నే లేచి పంచాంగం చూసినట్టు ఆ యాప్ ఓపెన్ చేసి గ్రీన్ కనబడితేనే కాఫీ తాగేవాళ్ళం.

అదెలా పనిచేసేదంటే, యాప్ ఉన్న రెండు ఫోన్లు దగ్గరికొస్తే బ్లూటూత్‌తో ఒకదాని గుర్తు ఇంకోటి రాసి పెట్టుకుంటుంది, రేపు అందులో ఒకరికి పాజిటివ్ వస్తే రెండోవాళ్ళకి కబురు వస్తుంది. ఐడియా బాగుంది కదా. కానీ రెండు ఫోన్లలోనూ యాప్ ఉండాలి, బ్లూటూత్ ఆన్‌లో ఉండాలి, పదిమందిలో నలుగురికే యాప్ ఉందనుకోండి, ఎదురుపడ్డ ఇద్దరికీ ఉండే ఛాన్స్ వందకి 16 మాత్రమే. పైగా బ్లూటూత్‌కి గోడ సంగతి తెలీదు, పక్కింటాయన గోడకి అవతల పడుకున్నా మీ పక్కన కూర్చున్నట్టే లెక్క వేయొచ్చు, మీ పక్కనే కూర్చున్నాయన ఫోన్ వెనక జేబులో ఉంటే ఎక్కడో దూరంగా ఉన్నాడనుకోవచ్చు.

ఇంకో చిక్కు నమ్మకం. సింగపూర్ వాళ్ళు మనకంటే ముందే, 2020 మార్చి 20నే ట్రేస్‌టుగెదర్ అని యాప్ తెచ్చారు, ఫోన్ వాడని పెద్దవాళ్ళకి మెడలో వేసుకునే చిన్న టోకెన్ కూడా ఇచ్చారు. ఇది జబ్బు జాడ కోసమే అని చెప్పారు, తీరా 2021 జనవరిలో పార్లమెంటులో ఏం తేలిందంటే క్రిమినల్ కేసుల్లో పోలీసులు కూడా ఆ డేటా అడిగి తీసుకోవచ్చని! జనం గొడవ చేస్తే తర్వాతి నెలలోనే చట్టం చేసి పెద్ద నేరాలకే పరిమితం చేశారనుకోండి, కానీ ఆ ముక్క మొదట్లోనే చెప్పుంటే ఎంత బాగుండేది.

సరే, ఇదంతా చూసి యాప్‌లు దండగ అనేస్తారేమో, నేను అలా అనను. నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది నైజీరియాలోని లేగోస్. 2014 జులై 20న లైబీరియా నుంచి విమానంలో ఒకాయన దిగాడు, దిగీదిగగానే కుప్పకూలాడు, అది ఎబోలా. లేగోస్ అంటే కోట్ల మంది కిక్కిరిసి ఉండే ఊరు, అంటుకుంటే ఆపగలమా అని లోకమంతా భయపడింది. ఆయన్ని డిశ్చార్జ్ చెయ్యమని ఎంత ఒత్తిడి వచ్చినా డాక్టర్ స్టెల్లా అడాడెవో అనే ఆవిడ కదలనివ్వలేదు, ఆ తర్వాత అదే జబ్బుతో ఆగస్టులో ఆవిడా పోయింది. తల్చుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అప్పుడు నైజీరియా వాళ్ళు పోలియో కోసం కట్టుకున్న ఎమర్జెన్సీ సెంటర్ పద్ధతినే ఎబోలాకి తిప్పేశారు. కాంటాక్టులు, అంటే జబ్బు ఉన్నవాళ్ళకి దగ్గరగా మసలినవాళ్ళు, 894 మంది అని లెక్క తేలింది, ఒక్కొక్కరినీ 21 రోజులు కనిపెట్టుకుని ఉండాలి, అంటే ఇంటికెళ్ళి తలుపు కొట్టి జ్వరం చూడాలి, అలా మొత్తం 18,500 సార్లు దాకా వెళ్ళారు. ఫోన్లూ వాడారు, కానీ అక్కడ ఫోన్ పని వేరు, ఎవరు ఎవరి పక్కనున్నారో అదే కనిపెట్టక్కర్లేదు, వెళ్ళిన మనిషి చూసిన జ్వరం సంగతి అప్పటికప్పుడు సెంటర్‌కి చేరవేస్తే చాలు. మన ఆశా అక్క చంకలో పెట్టుకుని తిరిగే రిజిస్టర్ ఉంది చూడండి, దానికి రెక్కలొచ్చినట్టు. అయినా ఒకాయన తప్పించుకుని పోర్ట్ హార్‌కోర్ట్ పారిపోయాడు, అక్కడ గుట్టుగా వైద్యం చేసిన డాక్టర్ కూడా చనిపోయాడు, మళ్ళీ కొత్త లిస్టు, మళ్ళీ తలుపులు. చివరికి 20 కేసులు, 8 మరణాలతో ఆగింది, అక్టోబర్ 20న నైజీరియాలో ఎబోలా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

ఒకమాట ఒప్పుకోవాలి, ఎబోలా లక్షణాలు బయటపడ్డాకే అంటుకుంటుంది కాబట్టి మనిషి వెంట మనిషి తిరిగినా అందుతుంది, కోవిడ్ అలా కాదు, దగ్గు రాకముందే ఊరంతా పాకేస్తుంది. అందుకే అక్కడ కుదిరింది ఇక్కడ అంత తేలిగ్గా కుదర్లేదు.

లేగోస్ అనుభవంతోనే నైజీరియా వాళ్ళు, జర్మనీలోని హెల్మ్‌హోల్ట్జ్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు కలిసి జబ్బుల జాడ పట్టడానికి సోర్మాస్ అని ఒక సాఫ్ట్‌వేర్ చేశారు. సిగ్నల్ లేకపోయినా ఫీల్డ్‌లో ఎంట్రీ చేసుకోవచ్చు, సిగ్నల్ దొరికినప్పుడు అదే పైకి వెళ్ళిపోతుంది. 2017లో నైజీరియాలో మంకీపాక్స్ వచ్చినప్పుడు బాగా అక్కరకొచ్చింది. తమాషా ఏంటంటే, కోవిడ్ టైమ్‌లో జర్మనీ హెల్త్ ఆఫీసులు ఫ్యాక్సులతో, ఎక్సెల్ షీట్లతో కుస్తీ పడుతుంటే, ఆఫ్రికాలో రాటుదేలిన ఇదే సాఫ్ట్‌వేర్‌ని దేశమంతా పెట్టాలని జర్మనీ ప్రభుత్వం నిర్ణయించింది, చాలా ఆఫీసులవాళ్ళేమో మాకు పాతదే అలవాటండీ అని మొండికేశారు.